కుడి జెల్లు, ఎడమ పేస్టు

మామగారు కుడివైపు పళ్ళు జెల్లుతో తోముకుంటారు. ఎడమవైపు పళ్ళు పేస్టుతో తోముకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఇంతే. జ్వరమొచ్చినా తప్పలేదు, ప్రయాణంలో ఉన్నా తప్పలేదు, కన్నకొడుకు పెళ్ళినాడు పొద్దున్నా తప్పలేదు.

"ఎందుకు మావయ్యా?" అని అడిగింది కొత్త కోడలు.

"రెంట్లో ఏది మంచిదో తేల్చాలి కదమ్మా."

"తేలిందా?"

"ఇంకా తేలలేదు."

కోడలు స్కూల్లో లెక్కల టీచరు. లెక్క అన్నాక జవాబుండాలి, జవాబు కింద రెండు గీతలుండాలి అనే మనిషి. ఇరవై రెండేళ్ళు చేసినా తెగని లెక్క ఒకటి తను మెట్టిన ఇంట్లో, అదీ చేతులు కడుక్కునే బేసిన్ దగ్గర ఉందంటే ఆమెకి అన్నం సయించలేదు.

మామగారిది నీళ్ళ మీటర్లు పరీక్షించే ఉద్యోగం. వాళ్ళ వర్క్‌షాపులో ఒకే పైపు మీద రెండు మీటర్లు బిగిస్తారు. ఒకటి నమ్మకమైనది, రెండోది అనుమానమున్నది. నీళ్ళు వదిలి రెండు ముళ్ళూ చూస్తారు. తేడా తెలిసిపోతుంది. పరీక్షయ్యాక మీటరుకి సన్నటి తీగ చుట్టి, బిగించి, సీసం బిళ్ళ నొక్కి సీలు వేస్తారు. తీగ బిగించడానికి పట్టకారు ఉంది. ఆ పట్టకారుని ఎప్పుడు చూసినా పక్క బల్ల వాళ్ళెవరో పట్టుకుపోయి ఉంటారు. అది వేరే సంగతి.

"నా నోట్లో జెల్లు, ఇంకొకళ్ళ నోట్లో పేస్టు పెట్టి చూస్తే ఏం తెలుస్తుందమ్మా?" అని వివరించారాయన. "పైపులు వేరు, నీళ్ళు వేరు. రెండూ ఒకే పైపు మీద పెట్టాలి. ఒకే నోరు, ఒకే తిండి, ఒకే మాటలు. అప్పుడుగానీ నిజం బయటపడదు."

పొద్దున్నే ఆయన బేసిన్ ముందు నిలబడితే ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ పలకరించరు. నీలం బ్రష్షు కుడికి, తెల్ల బ్రష్షు ఎడమకి. పుక్కిలించడానికి రెండు గ్లాసులు. వేళ చూసుకోవడానికి ఒక ఇసుక గడియారం. కుడి దవడలో బ్రష్షు తిరుగుతున్నంతసేపూ నాలుకని గోడలా నిలబెడతారు, ఒక్క చుక్క కూడా హద్దు దాటకూడదని. ముందుపళ్ళ మధ్య సందు ఆ హద్దు. దానికి అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళూ ఎదురుబొదురు ఇళ్ళవాళ్ళు. చూపులే తప్ప రాకపోకల్లేవు. పుక్కిలించేటప్పుడు తల పూర్తిగా ఒక భుజం మీదికి వాల్చేస్తారు. కోడలు మొదటిసారి చూసినప్పుడు ఆయనకి మెడ పట్టేసిందనుకుని కాపడం పెట్టడానికి నీళ్ళు కాచింది.

తోముడయ్యాక నోట్‌బుక్ తీసి రాస్తారు. కుడి: బాగుంది. ఎడమ: బాగుంది. తేడా: లేదు.

షాపులో ఆయన పేరు ఎవరూ వాడరు. 'చెరిసగం' అంటారు. ఎవరైనా సంతోషంగా టాఫీలు పంచితే ఆయన ఒకటి పుచ్చుకోరు. రెండివ్వాలి, కుడికొకటి, ఎడమకొకటి. ఒకటే ఇస్తే కొరికి సగాలు చెయ్యాలి, ఆ కొరకడం ఏ వైపు పళ్ళతో అన్నది మళ్ళీ పెద్ద సమస్య. "చెరిసగాన్ని ఒక చెంప మీద కొడితే రెండో చెంప తనే చూపిస్తాడు. శాంతమూర్తి అని కాదు, లెక్క సరిపోవాలని" అన్నాడు పక్క బల్లాయన కోడలితో, పెళ్ళి విందులో. మామగారు కోప్పడలేదు. "నిజమే కదా మరి" అన్నారు.

ఇంట్లో కూడా ఇవి నవ్వుకునే మాటలే గానీ, వీటిని నవ్వులాటగా తీసుకోలేని మనుషులు ఇద్దరున్నారు. ఒకరు అత్తగారు. ఇంకొకరు మామగారి అక్క. కోడలికి వరసకి పెద్దమ్మ.

అత్తగారు కర్టెన్లు కుడతారు. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకునే మాట్లాడతారు, ఒక్కటీ జారదు. ఆవిడది జెల్లు. అద్దంలా నీలంగా మెరిసే జెల్లు. "అవతల ఏముందో కనిపించేదే మంచి సరుకు" అంటారు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా అవతల ఏముందో కనబడకుండా కుట్టే మనిషి ఆ మాట ఎలా అంటారో ఎవరూ అడగలేదు.

పెద్దమ్మగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేశారు. ఇప్పటికీ ఎదుటివాళ్ళని ఆగమనాలంటే "లైన్లో ఉండు" అంటారు, మాట నచ్చకపోతే "కట్ చేస్తున్నా" అని పక్కగదిలోకి వెళ్ళిపోతారు. ఆవిడది పేస్టు. తెల్లగా, చిక్కగా, పొంగు పొంగుగా నురగొచ్చే పాతకాలపు పేస్టు. "పంటికి పట్టుండాలి. ఆ నీలం జిగురేమిటి, జారిపోతూ? జలుబుకి ముక్కు కింద రాసుకునే మందులా ఉంది."

"మీది మాత్రం గోడకి పూసే సున్నం కాదూ?"

"సున్నం పూసిన గోడలే నిలబడ్డాయి."

"గోడల్ని ఎవరూ ముద్దు పెట్టుకోరు వదినగారూ, నోటి వాసన చూడ్డానికి."

"కట్ చేస్తున్నా."

దీని పుట్టుపూర్వోత్తరాలు కోడలికి భర్త చెప్పాడు. పెద్దమ్మగారికి పిల్లల్లేరు, భర్త పోయాడు. ఎక్స్ఛేంజీలో మిషన్లొచ్చి మనుషుల పని అయిపోయింది, క్వార్టర్సు ఖాళీ చెయ్యమన్నారు. ఒక ఇనపపెట్టెతో తమ్ముడింటికి వచ్చి, "నాలుగు రోజులుండి పోతాను" అన్నారు. మర్నాడు పొద్దున బేసిన్ పైన అరలో తన పేస్టు ట్యూబు పెట్టుకున్నారు. అత్తగారు ఏ దురుద్దేశమూ లేకుండా, "ఇంట్లో జెల్లుంది కదా వదినగారూ, మళ్ళీ ఇదెందుకు?" అన్నారు.

అంతే. పది నిమిషాల్లో పెట్టె వీధిగుమ్మం దాకా వచ్చింది.

"నా ట్యూబుకి చోటు లేని ఇంట్లో నాకెక్కడ ఉంటుంది?" అన్నారు పెద్దమ్మగారు.

మామగారు నోట్లో నురగతోనే పరిగెత్తుకొచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డారట. "ఆగక్కయ్యా. రెంట్లో ఏది మంచిదో నేను తేలుస్తాను. తేలేదాకా ఉండు."

"తేలేదాకానే రా. తేలిన రోజున వెళ్ళిపోతా. నేను గెలిస్తే తలెత్తుకుని వెళ్తా, ఓడితే తలదించుకుని వెళ్తా."

"రెండూ సమానమైతే?"

"మామూలుగా వెళ్తా. మాటంటే మాటే."

అదీ ఆ ఇనపపెట్టె కథ. ఇరవై రెండేళ్ళుగా పెద్దమ్మగారి మంచం కింద ఉంది, సర్దినది సర్దినట్టే. ఇంట్లో చిన్న మాట తేడా వస్తే చాలు, "ఆ ఫలితమేదో తేలనీ, నా దారి నాది" అంటూ కాలితో పెట్టెని తాకుతారు. రోజూ ఆ గది ఊడ్చేది అత్తగారు. ఊడ్చిన ప్రతిసారీ నడుం పట్టుకుని బయటికొస్తారు. "ఆ పెట్టె జరపలేక చస్తున్నాను. దీంతోనే నా నడుం పడిపోతోంది."

"మరి నువ్వేం వాడతావు?" అని కోడలు భర్తనడిగింది.

"పళ్ళపొడి" అన్నాడు భర్త. "నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ పళ్ళపొడే. నాకీ గొడవలు పడవు."

"ఈ సంగతి పెళ్ళికి ముందు చెప్పద్దూ?"

"చెప్తే వచ్చేదానివా?"

కొడుకు పొడిలోకి జారుకున్నాడు కాబట్టి ఆ ఇద్దరికీ మిగిలిన ఆశ కోడలు. అటొక మనిషి, ఇటొక మనిషి, మధ్యలో ఇరవై రెండేళ్ళుగా తేల్చని మనిషి. ఇప్పుడు కొత్త నోరొకటి ఇంట్లోకి వచ్చింది. అది ఎటు మొగ్గితే అటే ఇల్లు.

మొదటిరోజు పొద్దున్నే కోడలు బేసిన్ దగ్గరికి వెళ్ళేసరికి అరలో ఆ చివర జెల్లు, ఈ చివర పేస్టు. రెంటి మూతలూ తీసి ఉన్నాయి. వెనక కుట్టుమిషను ఆగిపోయింది. పక్కగదిలో రేడియో గొంతు తగ్గింది.

కోడలు బ్రష్షు చేత్తో పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడింది. జెల్లు తీసుకుంటే పెద్దమ్మగారి పెట్టె గరగరమంటుంది. పేస్టు తీసుకుంటే అత్తగారు నోట్లో సూదులతోనే తలాడిస్తారు, ఆ తలాడింపు జీవితాంతం ఉంటుంది. వట్టి నీళ్ళతో పుక్కిలించి స్కూలుకి వెళ్ళిపోయింది. రెండోరోజూ అంతే. మూడోరోజు ఆమె లెక్క చెబుతూ వంగితే మొదటి బెంచీ వాళ్ళు మంచినీళ్ళ వంకతో బయటికి వెళ్ళారు.

నాలుగోరోజు మామగారు నోట్‌బుక్ పట్టుకుని వచ్చారు. అందరూ వినేలా గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, నాకో సాయం చేసిపెట్టాలి. నా పరీక్షలో లోపమొకటి ఉంది. నాది కుడిచేతి వాటం. కుడిచేత్తో తోమితే ఎడమవైపు పళ్ళకి అందినంత బాగా కుడివైపు పళ్ళకి అందదు. దాంతో ఫలితం పక్కదారి పట్టచ్చు. తిరగేసి చేసే మనిషి కావాలి. కుడి పేస్టు, ఎడమ జెల్లు. లెక్కలు తెలిసిన మనిషైతే మరీ మంచిది."

కుట్టుమిషను దగ్గర్నుంచి "ఊఁ" అని వినిపించింది.

"అదీ సబబే" అన్నారు పెద్దమ్మగారు గుమ్మంలోంచి. "ఎడమచేతి లైను, కుడిచేతి లైను రెండూ చూడాల్సిందే."

కోడలు ఆ రోజు పళ్ళు తోముకుంది. ఇన్ని రోజుల తర్వాత తోముకున్న పళ్ళకి జెల్లూ ఒకటే, పేస్టూ ఒకటే, రెండూ అమృతమే. అప్పుడు కూడా ఆమె అనుకున్నది ఒక్కటే. మామయ్యకి పిచ్చి. పాపం, మంచివాడే, కానీ పిచ్చి.

పిచ్చి అయితే అయింది, పని అప్పజెప్పాక సరిగ్గా చెయ్యాలి కదా. కోడలు సొంతంగా ఒక నోట్‌బుక్ పెట్టింది. నిలువు గళ్ళు, అడ్డ గళ్ళు. మరకలు, చిగుళ్ళు, వాసన, తెలుపు, చల్లదనం, నురగ. స్కూల్లో సైన్సు టీచరుని బతిమాలి భూతద్దం తెచ్చుకుంది. ఆరునెలలు రాసింది. మార్కులు వేసింది. కూడింది, భాగించింది.

"మావయ్యా, చల్లదనం జెల్లుకి ఎక్కువ. నురగ పేస్టుకి ఎక్కువ. పేస్టు కాస్త గరుకు, జెల్లు కాస్త నున్నన. ఇవన్నీ నోటికి తెలిసే తేడాలు. పళ్ళకి మాత్రం ఏ తేడా లేదు. రెండూ సమానం. కింద రెండు గీతలు గీసేద్దామా?"

మామగారు చప్పున లేచి తలుపు దగ్గరికి వేశారు.

"ఆరునెలలు ఏ మూలకమ్మా! తొందరపడకు. కొత్త మీటరు ఎప్పుడూ బాగానే తిరుగుతుంది. ఏళ్ళు గడవాలి."

"ఎన్నేళ్ళు?"

"చూద్దాం. ఇప్పటికైతే తేలలేదు. ఏం? తేలలేదు."

"తేలింది మావయ్యా, ఇదిగో కూడిక..."

"అమ్మా, ఆ కాగితం ఇలా ఇయ్యి." తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. జవాబు సరిగ్గా రాసిన పేపరుని మడిచి జేబులో వేసుకున్న పరీక్షాధికారిని ఆమె ఇదే మొదటిసారి చూడటం. రెండు రోజులు ఆయనతో ముభావంగా ఉంది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఒక ఆదివారం పొద్దున్న మామగారు బేసిన్ దగ్గరికి రాలేదు.

కుర్చీలో కూర్చున్నారు. గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా మఫ్లరు చుట్టుకుని, పైన ముడి వేసుకున్నారు. బయట ఎండ మాడ్చేస్తోంది. ముక్కూ కళ్ళూ తప్ప ఏమీ కనబడటం లేదు.

"పన్ను నొప్పి కదూ?" అన్నారు అత్తగారు. నోట్లోంచి సూదులు తీసేశారు. అది మామూలు విషయం కాదు. "ఏ వైపు?"

మామగారు నుదురు చూపించారు.

"ఏ వైపు రా తమ్ముడూ?" అంటూ పెద్దమ్మగారు వచ్చారు.

గడ్డం చూపించారు.

"గడ్డంలో పళ్ళుంటాయిట్రా?"

"మధ్యలో అక్కయ్యా" అని మఫ్లరులోంచి మూలిగారు.

"మధ్యలో ముక్కుంది. ముక్కు నొప్పికి ఎవరైనా దవడ కట్టుకుంటారా? మఫ్లరు విప్పు."

"విప్పను."

"ఏమండీ, ఒక్కసారి నోరు తెరవండి."

ఆయన నోరు తెరవలేదు. పొద్దున్న పాలు ఇస్తే స్ట్రా అడిగారు, స్ట్రా సరిగ్గా ముక్కు కింద నిలువుగా, హద్దు మీద పెట్టుకుని తాగారు. ఇల్లంతా ఆయన చెంపల చుట్టూ తిరిగింది. అత్తగారు ఎడమ పక్కకొచ్చి చూశారు, పెద్దమ్మగారు కుడి పక్కకెళ్ళి చూశారు. వాచిందో లేదో మఫ్లరు చెప్పలేదు.

అప్పుడు వినిపించింది. పెద్దమ్మగారి గదిలోంచి, గచ్చు మీద ఇనుము ఈడ్చిన చప్పుడు. గరగర.

కోడలు వెళ్ళి చూస్తే పెట్టె మంచం కింద నుంచి గది మధ్యలోకి వచ్చింది. పెద్దమ్మగారు చెప్పులు తొడుక్కుని దాని పక్కన కూర్చున్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, రైలు కోసం కూర్చున్నట్టు.

"ఏ వైపో ఒక వైపు తేలిపోయింది కదమ్మా" అన్నారు. "డాక్టరు దగ్గర్నుంచి రానీ. ఏ వైపో విని బయల్దేరతా."

"ఎక్కడికి పెద్దమ్మగారూ?"

ఆవిడ వంగి చెప్పుల పట్టీలు సర్దుకున్నారు. ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదేమో.

"మాటంటే మాటే" అన్నారు.

కోడలు మామగారిని ఆటోలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరు ఆదివారం మధ్యాహ్నం దాకా చూస్తాడు. బయట బల్ల మీద కూర్చున్నారు. మామగారు వచ్చేటప్పుడు నోట్‌బుక్ చంకలో పెట్టుకుని వచ్చారు. నొప్పితో రాయడం కష్టమని కోడలు పుస్తకం తీసుకుంది.

"ఈ రోజుది నేను రాస్తాను మావయ్యా. ఇవాళ పన్నెండు కదా?"

ఆయన గబుక్కున చెయ్యి చాపారు. అప్పటికే ఆమె పేజీ తీసేసింది.

పన్నెండు రాసి ఉంది. కుడి: బాగుంది. ఎడమ: బాగుంది. తేడా: లేదు. పదమూడూ రాసి ఉంది. పద్నాలుగూ. కోడలు పేజీ తిప్పింది. ముప్పై దాకా ఉంది. ఇంకో పేజీ తిప్పింది. వచ్చే నెలంతా ఉంది. ఒకే పెన్ను, ఒకే రాత, ఎక్కడా కొట్టివేత లేదు.

కాపీ కొట్టిన పేపర్లు ఆమె చాలా చూసింది. ఇంకా పెట్టని పరీక్షకి జవాబులు రాసేసిన పేపరు మాత్రం చూడలేదు.

"మావయ్యా, వచ్చే నెల ఇరవై మూడున కూడా తేడా ఉండదా?"

"ఉండదమ్మా" అన్నారు మఫ్లరులోంచి.

"ఇరవై రెండేళ్ళూ ఇలాగేనా?"

"మొదటి వారం నిజంగానే చూశాను." మఫ్లరు ముడి సవరించుకున్నారు. "తర్వాత తీరిక దొరికినప్పుడు నెలకి సరిపడా రాసేస్తున్నాను."

"మరి రోజూ ఆ తోముకోవడం? నాలుక అడ్డుపెట్టి, మెడ వాల్చి?"

"అది అందరూ చూస్తారు కదమ్మా."

కోడలు నోట్‌బుక్ మూసింది. ఇంట్లో గది మధ్యలో చెప్పులు తొడుక్కుని కూర్చున్న మనిషి గుర్తొచ్చింది. నాలుగోరోజు పొద్దున, అందరూ వినేలా గొంతు సవరించుకుని, 'నాకో సాయం చేసిపెట్టాలి' అన్న మాటా గుర్తొచ్చింది. ఆరోజు సాయం ఎవరు ఎవరికి చేశారో లెక్కల టీచరుకి అర్థం కావడానికి ఏడునెలలు పట్టింది.

లోపల డాక్టరు దీపం దించి, అద్దం పెట్టి చూశాడు. "ఎడమవైపు, కింద దవడ పన్ను. నిలువునా చీలింది. దేన్ని కొరికారు?"

"సీలు తీగ" అన్నారు మామగారు సిగ్గుపడుతూ. "పట్టకారు ఎవరో పట్టుకెళ్ళారు. పంటితో లాగాను."

"ఎన్నాళ్ళనుంచి లాగుతున్నారు?"

"పట్టకారు ఉండని రోజుల్లోనే."

"ఉన్న రోజులెన్ని?"

మామగారు రెండు వేళ్ళెత్తి, ఒకటి దించేశారు. డాక్టరు తలకొట్టుకున్నాడు. "ఇది పేస్టు తప్పూ కాదు, జెల్లు తప్పూ కాదు. పదేళ్ళుగా మీకు చెబుతూనే ఉన్నాను. ఫ్లోరైడ్ ఉంటే చాలు, రెండూ ఒకటే, ఏది రుచిస్తే అది వాడుకోండి, మెత్తటి బ్రష్షుతో రెండు పూటలా..."

"డాక్టరుగారూ, కాస్త మెల్లగా. బయట జనం ఉన్నారు."

"ఉంటే విననివ్వండి. మంచి మాటేగా?"

"మా ఇంటి దాకా వెళ్తే మంచి మాట కాదు."

పన్ను ఊడబెరికారు. కోడలు గోడకున్న దంతాల బొమ్మ వైపు చూస్తూ నిలబడింది. అంతా అయ్యాక మామగారు కుర్చీలోంచి లేవలేదు. దూది నోట్లో పెట్టుకునే వేలితో కుడివైపు చూపించారు.

"అటు కూడా నొప్పా?" అన్నాడు డాక్టరు.

"లేదు. దానికి ఎదురుగా ఉన్నది కూడా ఒకటి తీసెయ్యండి."

డాక్టరు చూశాడు. "అది ఇనుములా ఉందండీ."

"ఉంటే ఉండనీ. తీసెయ్యండి. అటొకటి, ఇటొకటి అయితే ఇంటికెళ్ళచ్చు."

"నేను పళ్ళ డాక్టర్ని. తక్కెడ సరిచేసేవాణ్ణి కాను. లేవండి."

"డాక్టరుగారూ, మీకు తెలీదు. ఎడమ అని తెలిస్తే మా అక్కయ్య పెట్టె ఎత్తుతుంది. ఎత్తితే దించదు."

డాక్టరు దిక్కుతోచక కోడలి వైపు చూశాడు. కోడలు చెయ్యి చాపింది.

"కొంచెం దూది ఎక్కువ ఇస్తారా?"

ఆటో ఇంటి ముందు ఆగేసరికి ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. అత్తగారి చేతిలో కుడుతున్న కర్టెన్ అలాగే ఉంది. పెద్దమ్మగారు చెప్పులు విప్పలేదు. మామగారు దిగారు. మఫ్లరు లేదు. ఎడమ చెంప బూరెలా ఉబ్బి ఉంది, కుడి చెంప దానికంటే ఇంకాస్త ఎక్కువ ఉబ్బి ఉంది. దూది కొలిచి పెట్టడంలో మొదటిసారి కోడలి లెక్క తప్పింది.

"అయ్యో! రెండు వైపులా?" అన్నారు అత్తగారు.

"ఏ వైపు తీశారు?" అన్నారు పెద్దమ్మగారు.

"ఉమ్ ఊమ్" అన్నారు మామగారు. ఆయనకి అంతకంటే మంచి మాట ఆ సమయంలో లేదు.

కోడలు ముందుకొచ్చింది. ఇన్నాళ్ళూ స్కూల్లో పిల్లలకి ఒకటే చెబుతూ వచ్చింది, తెలిసిన జవాబు దాచకూడదని.

"పెద్దమ్మగారూ, జరిగిందేమిటంటే మావయ్య షాపులో పంటితో తీగ లాగి పన్ను చీల్చుకున్నారు. ఇది పేస్టు వల్లా కాదు, జెల్లు వల్లా కాదు. డాక్టరుగారే చెప్పారు. కాబట్టి ఇది లెక్కలోకి రాదు. పరీక్ష మధ్యలో పైకప్పు కూలితే ఆ పేపరు దిద్దుతామా?"

"దిద్దరు" అన్నారు పెద్దమ్మగారు అనుమానంగా. "అయినా ఏ వైపు?"

"అది చెప్పకూడదు. చెబితే పరీక్ష పాడవుతుంది."

"అయితే..." పెద్దమ్మగారు గుమ్మం పట్టుకున్నారు. "అయితే తేలలేదా?"

"తేలలేదు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు లెక్కల టీచరుకి కాస్త తల తిరిగింది. పక్కన మామగారు రెండు చెంపల మధ్య నుంచి నవ్వడానికి చూసి, నొప్పి పుట్టి మానుకున్నారు.

"పైగా ఇక మావయ్య నోరు పనికిరాదు" అని కొనసాగించింది కోడలు. "ఒక పక్క పన్ను తక్కువైంది. రెండు పక్కలూ సమానం కాదు. ఇకనుంచి నా నోటితోనే మొదటినుంచీ మొదలుపెట్టాలి."

"మొదటినుంచా!" అన్నారు పెద్దమ్మగారు. "ఎన్నాళ్ళు పడుతుంది?"

"మావయ్య పళ్ళతో ఇరవై రెండేళ్ళయినా తేలలేదు. నావి ఇంకా గట్టివి. ముప్పై రెండూ ఉన్నాయి." కోడలు లెక్క వేస్తున్నట్టు పైకి చూసింది. "ఓ నలభై ఏళ్ళు."

పెద్దమ్మగారు వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నారు. ఒక చేతి వేళ్ళయిపోయాయి, రెండో చెయ్యి మొదలుపెట్టారు.

"నలభై ఏళ్ళా! అన్నాళ్ళూ నేనిక్కడే పడి ఉండాలా?"

"మాటిచ్చారు కదా పెద్దమ్మగారూ. తేలేదాకా ఉంటానని."

"ఇచ్చాను" అన్నారావిడ. చెప్పులు ఒకటొకటిగా విప్పి గోడవారగా పెట్టారు. "ఇచ్చాక తప్పుతుందా? మాటంటే మాటే. లైన్లోనే ఉంటాను."

అత్తగారు మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుని సూదులు నోట్లో పెట్టుకున్నారు.

కోడలు పెద్దమ్మగారి వెంట గదిలోకి వెళ్ళింది. పెట్టె గది మధ్యలో ఉంది.

"నేను లోపలికి తోస్తానుండండి" అని వంగి, రెండు చేతులూ ఆనించి, కాళ్ళు గట్టిగా నిలదొక్కుకుని తోసింది. పెట్టె ఒక్క ఊపున గచ్చు మీద జారిపోయి, మంచం కిందికి దూసుకెళ్ళి అవతలి గోడకి తగిలి ఖంగుమంది. లోపల ఏమీ లేదు. ఒక జాకెట్టు గుడ్డ కూడా లేదు.

కోడలు అలాగే వంగి ఉండిపోయింది. పైనుంచి పెద్దమ్మగారు ఆమెనే చూస్తున్నారు.

"అబ్బా!" అంది కోడలు నడుం పట్టుకుని మెల్లగా లేస్తూ. "ఎంత బరువు పెద్దమ్మగారూ!"

"ఉండదూ మరి? ఇరవై రెండేళ్ళుగా సర్దిన పెట్టె" అన్నారు పెద్దమ్మగారు గంభీరంగా.

పక్కగదిలో కుట్టుమిషను ఒక్క క్షణం ఆగింది.

"నేను రోజూ మొత్తుకుంటూనే ఉన్నానా, దాన్ని జరపలేక నా నడుం పడిపోతోందని!" అన్నారు అత్తగారు, సూదులన్నీ పెదాల మధ్యే ఉంచుకుని.